పొంగును బట్టే ధర: పాప్‌కార్న్ సాగులో, తయారీలో స్థిరపడాలనుకునేవారికి

పాప్‌కార్న్ వ్యాపారి గింజలను కిలోల లెక్కన కొంటాడు. వేయించాక కప్పుల్లో, డబ్బాల్లో, ప్యాకెట్లలో అమ్ముతాడు. కొనేటప్పుడు తూకం, అమ్మేటప్పుడు కొలత. గింజ ఎంత బాగా పొంగితే అతనికి అంత మిగులుతుంది. ఈ రంగంలో అడుగుపెట్టాలనుకునేవారు మొట్టమొదట మనసులో నాటుకోవలసిన సంగతి ఇదే. ఏ విత్తనం వేయాలి, ఎప్పుడు కోయాలి, ఎక్కడ ఆరబెట్టాలి, ఎవరికి అమ్మాలి అనే ప్రశ్నలన్నింటికీ జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది.

చిన్న లెక్క చూద్దాం. మేలురకం గింజ ఒక గ్రాముకు 40 ఘనపు సెంటీమీటర్లకు పైగా పొంగుతుంది. అంటే కిలో గింజలకు 40 లీటర్ల పాప్‌కార్న్. రెండు లీటర్ల కప్పులో అమ్మేవాడికి 20 కప్పులు వస్తాయి. గ్రాముకు 30 మాత్రమే పొంగే గింజ అయితే 15 కప్పులే. కప్పు 40 రూపాయలనుకుంటే, కిలో దగ్గర 200 రూపాయల తేడా. నాసిరకం గింజ కిలోకు ఇరవై రూపాయలు తక్కువకు దొరికినా, తెలిసిన వ్యాపారి దాన్ని ముట్టుకోడు.

కాబట్టి ఈ రంగంలో మీ ఎదుగుదల మీరు ఎన్ని క్వింటాళ్లు పండించారన్నదానికన్నా, మీ గింజ ఎంత పొంగుతుందో కొలిచి చూపగలరా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కొలవడం నేర్చుకున్నవాడికి ఇందులో భవిష్యత్తు ఉంది.

గింజ లోపల ఏం జరుగుతుంది?

అన్ని మొక్కజొన్నలూ పేలవు. కోళ్ల దాణాకు, పిండి ఫ్యాక్టరీలకు వెళ్లే మామూలు హైబ్రిడ్ గింజను మూకుడులో వేస్తే మాడుతుంది, మహా అయితే పగులుతుంది. పాప్‌కార్న్ జాతి గింజ చిన్నది. తొక్క గట్టిది, లోపలి పిండిపదార్థం గాజులా బిగువుగా ఉంటుంది. ఆ పిండిలో కొద్దిపాటి నీరు దాగి ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతుంది. తొక్క ఆ ఆవిరిని బయటికి పోనివ్వదు, ప్రెషర్ కుక్కర్ మూత పనిని అదే చేస్తుంది. వేడి సుమారు 180 డిగ్రీలకు చేరేసరికి లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. అప్పుడు తొక్క చిట్లి, మెత్తబడిన పిండి ఒక్కసారిగా నురగలా విచ్చుకుని గట్టిపడుతుంది.

ఇందులోంచి మనకు రెండు నియమాలు దొరుకుతాయి. ఒకటి, గింజలో తేమ 13.5 నుంచి 14.5 శాతం మధ్య ఉండాలి. తక్కువైతే ఆవిరి చాలదు, గింజ అడుగున మిగిలిపోతుంది. ఎక్కువైతే ఒత్తిడి పూర్తిగా పెరగకముందే తొక్క చిట్లి, చిన్నగా, గట్టిగా, సాగుడుగా పేలుతుంది. రెండు, తొక్క మీద గీత పడకూడదు. కంటికి కనిపించనంత సన్నని బీట చాలు, ఆవిరి దాంట్లోంచి జారిపోతుంది. తేమను, తొక్కను కాపాడటమే సాగు నుంచి ప్యాకెట్ దాకా మీరు చేసే పని.

ఇండియానా రైతుబిడ్డ దారి

ఈ రంగంలో జీవితం కట్టుకున్నవారి కథల్లో మనకు బాగా పనికొచ్చేది ఆర్విల్ రెడెన్‌బాకర్‌ది. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే పాప్‌కార్న్ పండించి అమ్మాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదివి 1928లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత రైతులకు సలహాలిచ్చే జిల్లా వ్యవసాయాధికారిగా, పెద్ద వ్యవసాయ క్షేత్రానికి మేనేజరుగా పనిచేశాడు. 1950ల మొదట్లో చార్లీ బౌమన్ అనే భాగస్వామితో కలిసి ఒక విత్తన కంపెనీ కొన్నాడు. ఏళ్ల తరబడి సంకరాలు చేయించి, 1965 నాటికి అప్పటి రకాలకన్నా చాలా ఎక్కువ పొంగే హైబ్రిడ్‌ను సాధించాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆ రకం దిగుబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. పెద్ద కంపెనీలు గింజను తూకం మీద చూశాయి, ధర ఎక్కువని వద్దన్నాయి. ఆయన తన గింజను కారులో వేసుకుని దుకాణాలకు తిరిగి తానే అమ్మాడు. 1970లో షికాగోలోని ఒక ప్రకటనల సంస్థ సలహా మీద తన పేరునే, తన బొమ్మనే డబ్బా మీద వేయించాడు. 1976లో ఆ వ్యాపారాన్ని హంట్-వెసన్ అనే పెద్ద ఆహార సంస్థ కొనుక్కుంది.

ఆయన తన గింజలోని గుణాన్ని ధర తగ్గించి పాడుచేసుకోలేదు. ఆ గుణానికి విలువ కట్టగల కొనుగోలుదారును వెతుక్కుంటూ వెళ్లాడు. చదువు, ఉద్యోగం, విత్తనం, అమ్మకం అన్నీ ఒకే పంట చుట్టూ తిరిగిన జీవితం అది. రైతు బజారులో గింజను పక్కవాడి ధరకే ఇచ్చేద్దామా అనిపించినప్పుడల్లా ఆయన్ని తలచుకోండి.

మీకు సరిపడే దారి ఏది?

ఈ రంగంలో నాలుగు వృత్తులున్నాయి. నాలుగింటినీ మొదటి ఏడే తలకెత్తుకుంటే దేనికీ న్యాయం జరగదు. మీ చేతిలో ఏముందో చూసుకుని ఒకటి ఎంచుకోండి.

మొదటిది సాగు. సొంత పొలమో కౌలు పొలమో ఉండి, నీటి వసతి ఉన్నవారికి ఇది తగినది. రెండోది గింజ తయారీ: రైతుల దగ్గర కొని, ఆరబెట్టి, శుభ్రం చేసి, తేమ సరిచేసి, సైజుల వారీగా సంచులకెత్తి అమ్మడం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇది చక్కగా అమరుతుంది. మూడోది వేయించి అమ్మడం: సినిమా హాళ్ల క్యాంటీన్లు, కాలేజీలు, పెళ్లిళ్లు, జాతరలు, కిరాణా షాపులకు ప్యాకెట్లు. తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టగలిగేది ఇదే. నాలుగోది నైపుణ్యం అమ్ముకోవడం: నాణ్యత పరీక్ష, యంత్రాల మరమ్మతు, విత్తనోత్పత్తి. అగ్రికల్చర్, ఫుడ్ టెక్నాలజీ చదివిన పిల్లలు దీన్ని తక్కువ అంచనా వేయకండి. ప్రపంచంలో పాప్‌కార్న్ పేరు చెప్పుకుని ఎదిగిన తొలి కంపెనీల్లో ఒకటి యంత్రాల కంపెనీయే. పల్లీలు వేయించే యంత్రాన్ని బాగుచేస్తూ వెళ్లిన చార్లెస్ క్రీటర్స్ 1885లో షికాగోలో ఆ కంపెనీని మొదలుపెట్టాడు. 1893లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆవిరితో నడిచే తన పాప్‌కార్న్ బండిని జనం ముందుకు తెచ్చాడు.

మన దగ్గర కూడా ఈ రంగం కొత్తదేమీ కాదు. యాక్ట్ టూ పాప్‌కార్న్‌ను దేశమంతా అమ్మిన ఆగ్రోటెక్ ఫుడ్స్ సికింద్రాబాద్ కేంద్రంగా ఎదిగిన కంపెనీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొక్కజొన్న పండించడంలో చేయి తిరిగిన రైతులున్నారు. కృష్ణా డెల్టాలో వరి కోశాక దున్నకుండానే రబీ మొక్కజొన్న వేసే పద్ధతిని మన రైతులు విస్తారంగా అమలుచేశారు. ఇంత అనుభవం ఉండి కూడా మన దేశం అర్జెంటీనా నుంచి, అమెరికా నుంచి పాప్‌కార్న్ గింజ తెప్పించుకుంటూ వచ్చింది. వేయించేవాడికి కావలసిన నాణ్యత ప్రతి లోడులోనూ ఒకేలా అందించగలిగితే ఆ చోటు మనవాళ్లదవుతుంది.

పొలంలో

విత్తనం దగ్గర రాజీపడకండి. అంబర్, పెర్ల్, వి.ఎల్. అంబర్ వంటి రకాలు మన దేశంలో విడుదలైనవే. పెర్ల్ లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, వి.ఎల్. అంబర్ అల్మోరాలోని వివేకానంద పర్వతీయ వ్యవసాయ పరిశోధన సంస్థది. కొత్త హైబ్రిడ్లు కూడా వచ్చాయి. మీ నేలకు, మీ కాలానికి ఏది సరిపడుతుందో రాజేంద్రనగర్‌లోని మొక్కజొన్న పరిశోధన కేంద్రంలో, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. కిరాణా షాపు ప్యాకెట్లోని గింజను విత్తనంగా వాడకండి. అది చాలావరకు హైబ్రిడ్ పంట, మళ్లీ వేస్తే మొక్కలు ఒక తీరుగా రావు.

పాప్‌కార్న్ కాండం మామూలు హైబ్రిడ్ల కాండం కన్నా బలహీనం. ఈదురుగాలికి పడిపోతుంది. అందుకని నత్రజనిని ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వేయాలి, మొక్కలకు మట్టి ఎగదోయాలి, సాళ్లు మరీ ఒత్తుగా ఉండకూడదు. మొక్కలు మోకాలెత్తుకు వచ్చినప్పుడు, జల్లు పీచు వేసే దశలో, గింజ పాలుపోసుకునే దశలో నీటి ఎద్దడి రానివ్వకండి. 2018లో కర్ణాటకలో మొదటిసారి కనిపించి మన పొలాలకూ పాకిన కత్తెర పురుగు దీన్నీ వదలదు. మొలక వచ్చిన వారం నుంచే సుడులు విప్పి చూసే అలవాటు చేసుకోండి. గుడ్ల సముదాయాలు, చిన్న పురుగులు ఉన్నప్పుడే వేప మందుతో అదుపు చేయగలం. పురుగు సుడిలోకి దూరాక ఖర్చు పెరుగుతుంది.

కొత్తవారు ఎక్కువగా పట్టించుకోని విషయం పుప్పొడి. పక్క పొలంలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి మీ పీచు మీద పడితే, ఆ గింజ లోపలి పిండి ఆ పంటలోనే మారిపోతుంది, పొంగు తగ్గుతుంది. కనీసం 200 మీటర్ల ఎడం, లేదా రెండు పొలాల పూతకు మధ్య మూడు నాలుగు వారాల తేడా ఉండాలి. పరాయి పుప్పొడిని తిప్పికొట్టే గుణం ఉన్న హైబ్రిడ్లు కొన్ని ఉన్నాయి. మీరు కొనే విత్తనానికి ఆ గుణం ఉందో లేదో అడగండి. ఊరంతా మొక్కజొన్నే ఉన్నచోట ఒంటరిగా వేసేకన్నా, పక్కపక్క పొలాలవారు నలుగురైదుగురు కలిసి ఒకే రకం వేయడం మేలు. అమ్మకానికీ అదే బలం.

కల్లంలో

పంట విలువ నిలిచేది, పోయేది కోత తర్వాతి రెండు వారాల్లోనే. గింజ మొదట్లో, బెండుకు అంటుకునే చోట నల్లని పొర కనిపిస్తే గింజ ఎదుగుదల పూర్తయినట్టు. కానీ అప్పటికి తేమ ఇంకా 35 శాతం దాకా ఉంటుంది. చెట్టు మీదే ఇంకా ఆరనిచ్చి, తేమ 16 నుంచి 18 శాతానికి దిగాక కోయండి. పచ్చిగా ఉన్నప్పుడు గింజ ఒలిస్తే తొక్క నలుగుతుంది. మరీ ఎండాక ఒలిస్తే బీటలు పడుతుంది. ఒలిచే యంత్రం వేగం తగ్గించి, ముందు నాలుగు కంకులు పెట్టి, రాలిన గింజలను వెలుతురులో పట్టి చూసి, ఆ తర్వాతే మొత్తం పెట్టండి.

మనం మార్చుకోవలసిన పెద్ద అలవాటు రోడ్ల మీద ఆరబోత. దాణాకు పోయే గింజకు అది నడిచిపోతుంది. పాప్‌కార్న్‌కు అది చేటు. ఏప్రిల్ ఎండకు కాగిన తారు మీద గింజ ఒక్కసారిగా ఎండి లోపల చీలుతుంది. పైన ట్రాక్టరో బైకో పోతే తొక్క గీసుకుపోతుంది. కంకుల మీది ఆకులు ఒలిచి, నీడపట్టున, గాలి ఆడే పందిట్లో ఆరబెట్టండి. డ్రయ్యరు వాడితే గాలి వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి. తేమ మీటరు కొనడం మీరు పెట్టే మొదటి పెట్టుబడి కావాలి. పచ్చి గింజను సంచుల్లో కుక్కితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అలాంటి గింజను ఎంత శుభ్రం చేసినా తిండికి పనికిరాదు.

షెడ్డులో

గింజ తయారీ వరస ఇది: జల్లెడతో చెత్త తీయడం, రాళ్లు వేరుచేసే యంత్రం, తేలిక గింజలను తప్పించే గ్రావిటీ సెపరేటర్, సైజుల జల్లెడలు, చివర తేమ సరిచూడటం. సైజును పది గ్రాములకు ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్కన చెబుతారు. 52 నుంచి 67 గింజలైతే పెద్ద సైజు, 68 నుంచి 75 మధ్యరకం, ఆపైన చిన్నవి. సినిమా హాలువారు ఎక్కువగా రెక్కలు విచ్చుకున్నట్టు పేలే సీతాకోకచిలుక రకం అడుగుతారు. కారమెల్ పూసేవారు గుండ్రంగా పేలే పుట్టగొడుగు రకం అడుగుతారు, ఎందుకంటే పాకం కలిపేటప్పుడు అది విరగదు.

గింజ ఎక్కువ ఆరిపోతే తేమను తిరిగి ఎక్కించవచ్చు. 12 శాతం తేమ ఉన్న 100 కిలోల గింజను 14 శాతానికి తేవాలంటే 2.3 లీటర్ల మంచినీళ్లు చాలు. కొంచెం కొంచెం చిలకరిస్తూ, కలుపుతూ, గాలి చొరని డబ్బాలో మూసి, రోజూ కదుపుతూ కొన్నాళ్లు ఉంచాలి. తర్వాత గోనె సంచుల్లో కాకుండా, లోపల పాలిథిన్ పొర ఉన్న సంచుల్లో నిల్వ చేయాలి. కోస్తా ఉక్కపోతలోనూ, తెలంగాణ వేసవి పొడిగాలిలోనూ తేమ నిలిచేది అప్పుడే.

ఇక పరీక్ష. ప్రతి లోడులోంచీ 100 గ్రాములు తూచి, ఎప్పుడూ అదే యంత్రంలో, అంతే నూనెతో, అంతే వేడిమీద వేయించండి. లీటర్ల గుర్తులున్న పాత్రలో పోసి కొలవండి. నాలుగు లీటర్లకు తగ్గకుండా వస్తే మంచి సరుకు. అడుగున మిగిలిన గింజలను ఏరి లెక్కపెట్టండి. తేదీ, రైతు, తేమ, పొంగు, మిగిలిన గింజలు అని ఐదు గడులు గీసి పుస్తకంలో రాయండి. ఈ పుస్తకాన్ని కొనుగోలుదారు ముందు తెరిచిన రోజున బేరం మీ చేతికి వస్తుంది.

వేయించే షెడ్డులో మనుషుల ఆరోగ్యం గురించి ఒక మాట. 2000 సంవత్సరంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్టు బయటపడింది. వెన్న వాసన కోసం వాడే డయాసిటైల్ ఆవిరి పీల్చడమే దానికి కారణమని తేల్చారు. ఘాటైన ఫ్లేవర్లు వేడిచేసే చోట గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టండి, పనివాళ్లకు తగిన మాస్కులివ్వండి. సాధ్యమైతే నెయ్యి, ఉప్పు, కారప్పొడి, కరివేపాకు పొడి వంటి మన రుచులతోనే పేరు తెచ్చుకోండి. తొలి ఏకాదశికి పేలాల పిండి తినే ఇళ్లు మనవి. జొన్న పేలాలను కూడా పక్కన పెట్టుకుని అమ్మితే సంచి ఖాళీగా ఉండదు. చిరుధాన్యాల పేలాల మీద శిక్షణ కావాలంటే రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థను సంప్రదించండి.

కాగితం మీద

విత్తే ముందే కొనేవాణ్ని ఖాయం చేసుకోండి. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు, పాప్‌కార్న్‌కు వేరే మద్దతు ధర లేదు. మామూలు హైబ్రిడ్ మీ పొలంలో ఎకరాకు 30 క్వింటాళ్లు, పాప్‌కార్న్ 18 క్వింటాళ్లు వస్తాయనుకోండి. మద్దతు ధరకు మొదటిది 72,000 రూపాయలు తెస్తుంది. ఆ మొత్తమే రావాలన్నా పాప్‌కార్న్‌కు క్వింటాలు 4,000 పలకాలి. అంతకన్నా తక్కువ ధరకు ఒప్పుకుంటే మీకు మిగిలేది శ్రమే. ఒప్పందంలో ధర, అనుమతించే తేమ, పొంగు ఎలా కొలుస్తారు, తిరస్కరిస్తే సరుకు రవాణా ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు అనే ఐదూ తప్పక రాయించండి.

వేయించి అమ్మేవారికి టర్నోవరును బట్టి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషనో లైసెన్సో తప్పనిసరి. పన్నుల విషయంలో సరుకు తీరు చాలా ముఖ్యం. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఉప్పు, మసాలా కలిపిన పాప్‌కార్న్ ఒక తరగతి, చక్కెర పాకం కలిపినది మిఠాయి కింద వేరే తరగతి అని స్పష్టం చేసింది. 2025 సెప్టెంబరులో పన్ను శ్లాబులే మారాయి. కొత్త రుచి మొదలుపెట్టే ముందు ఆ రోజు రేటు ఎంతో ఆడిటరును అడిగి ధర వేయండి.

పెట్టుబడికి 2020లో మొదలైన రెండు కేంద్ర పథకాలను పరిశీలించండి. చిన్న ఆహార తయారీ యూనిట్లకు బ్యాంకు రుణానికి అనుసంధానంగా ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇచ్చే పథకం ఒకటి. డ్రయ్యర్లు, గోదాములు, గ్రేడింగ్ యూనిట్ల కోసం 2 కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే వ్యవసాయ మౌలిక వసతుల నిధి రెండోది. దరఖాస్తు చేసే రోజున అవి ఎలా అమలవుతున్నాయో బ్యాంకులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. రాయితీ వస్తుందని యంత్రం కొనకండి. సరుకు అమ్ముడవుతుందని తేలాకే కొనండి.

మొదటి ఏడాది చేయవలసిన పనులు

1. మార్కెట్లో దొరికే నాలుగైదు రకాల గింజలు తెచ్చి పైన చెప్పిన పరీక్ష చేయండి. పుస్తకం ఈ వారమే మొదలుపెట్టండి.
2. మీ పట్టణంలోని సినిమా హాలు క్యాంటీన్లు, పాప్‌కార్న్ బండ్లవారు, స్వీట్ షాపులను కలవండి. ఇప్పుడు వాడే గింజతో వారికున్న ఇబ్బంది ఏమిటో అడిగి రాసుకోండి.
3. వేయించే చిన్న యంత్రం అద్దెకు తెచ్చి ఒక పెళ్లిలోనో జాతరలోనో అమ్మి చూడండి. నూనె, గ్యాస్, కప్పు, కూలి అన్నీ కలిపి కప్పుకు ఎంత పడిందో తేల్చండి.
4. సాగుదారులైతే రబీలో అర ఎకరంతో మొదలుపెట్టండి. మిగతా పొలంలో అలవాటైన పంటే వేయండి.
5. మీ గింజ, బయటి గింజ పక్కపక్కన వేయించి, రెండు పాత్రలూ కొనుగోలుదారుకు చూపించండి. ధర మాట ఆ తర్వాతే ఎత్తండి.

ఏడాది చివర ఆ పుస్తకం తీసి చూడండి. అందులో పొంగు అంకెలు నెలనెలా నిలకడగా ఉంటే, తిరిగి అడిగిన కొనుగోలుదారులు ఇద్దరైనా ఉంటే, రెండో ఏడు ధైర్యంగా విస్తరించండి. అంకెలు ఊగుతుంటే విస్తీర్ణం పెంచకుండా కారణం వెతకండి. అది విత్తనంలో, పుప్పొడిలో, ఒలుపులో, ఆరబెట్టడంలో, నిల్వలో ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుంది. దాన్ని పట్టుకుని సరిచేయగలిగిన మనిషికి రైతూ పని ఇస్తాడు, కంపెనీ కూడా ఇస్తుంది. సొంతంగా నిలబడాలనుకుంటే తన పేరు మీదే సరుకు అమ్ముకునే అర్హతా అతనికి ఉంటుంది.